సేకరణ, స్వాధీనం: ఆనేకల్ దారిలో ఒక మాట చరిత్ర

బెంగళూరు నుంచి హోసూరు రహదారి మీద వెళ్తూ చందాపుర దగ్గర కుడివైపు తిరిగితే ఆనేకల్ వస్తుంది. కన్నడంలో ‘ఆనెకల్లు’ అంటే వడగల్లు. ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చిందన్న చర్చ ఇక్కడ అవసరం లేదు. మొరసునాడని పేరున్న ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సరిహద్దు దాటితే తమిళం వినిపించడం మామూలు. ఒకే పనికి రెండు భాషలు రెండు పేర్లు పెట్టినప్పుడు ఆ తేడా ముందుగా తెలిసేది ఇలాంటి చోటనే.

అటువంటి మాట ఒకటి ఉంది. పరిశ్రమల కోసం ప్రభుత్వం పొలాలు తీసుకోవడాన్ని ఇక్కడి కన్నడ కాగితాలు ‘భూస్వాధీన’ అంటాయి. అదే పనిని తెలుగు పత్రికలు ‘భూసేకరణ’ అంటాయి. రెంటికీ మూలమైన ఇంగ్లీషు మాట మాత్రం ఒక్కటే: ఎక్విజిషన్. 1894 నాటి చట్టం పేరులోనూ, దాని స్థానంలో వచ్చిన 2013 చట్టం పేరులోనూ అదే మాట ఉంది.

‘స్వాధీనం’ అన్న మాట తీసుకున్నవాడి వైపునుంచి చూస్తుంది. వస్తువు తన అధీనంలోకి వచ్చిందని చెబుతుంది. ‘సేకరణ’ అన్న మాట వస్తువు వైపునుంచి చూస్తుంది. చెదిరి ఉన్నవాటిని ఒకచోటికి చేర్చామని చెబుతుంది. తెలుగు మాట మెత్తనిది, కానీ అందులో ఒక చిక్కుంది. పూలు సేకరిస్తాం, పాటలు సేకరిస్తాం, పొలం కూడా సేకరించామంటే, ఆ పొలానికి అంతకుముందు ఒక యజమాని ఉన్నాడన్న సంగతి మాటలోంచి జారిపోతుంది. కన్నడ మాట కటువుగా ఉన్నా, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయిందన్న నిజాన్ని దాచదు.

మన గ్రంథాలయాలు పుస్తకాలు తెచ్చుకోవడాన్ని ‘సేకరణ’ అంటాయి. వ్యాపార పుటల్లో ఒక కంపెనీ ఇంకొకదాన్ని కొంటే ‘స్వాధీనం’, ‘హస్తగతం’, ‘టేకోవర్’ అని రాస్తారు. భాషాశాస్త్రంలో పిల్లవాడు భాష నేర్వడం కూడా ఎక్విజిషనే. దాన్ని మనం ‘భాషార్జన’ అంటున్నాం. ఈ మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి తెలుగు గ్రంథాల చరిత్రను ఒకసారి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ ఎక్విజిషన్ అయినా మంచిదో చెడ్డదో ధరను బట్టి తేలదని నా అభిప్రాయం. వచ్చిన వస్తువు ఎవరిదో రిజిస్టరులో నిలిచిందా, తరువాత దాన్ని వాడుకునే హక్కు ఎవరికి మిగిలింది అన్న రెండు ప్రశ్నలను బట్టే తేలుతుంది.

గ్రంథాలయాన్ని కొన్న కంపెనీ

గ్రంథ సేకరణ, కంపెనీ కొనుగోలు రెండూ ఒకే లావాదేవీలో కలిసిన సందర్భం మన చరిత్రలోనే ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత మైసూరు సీమను కొలిచే పని కర్నల్ కాలిన్ మెకంజీకి అప్పగించారు. కొలతలతోపాటు ఆయన శాసనాలు, వ్రాతప్రతులు, ఊరి కరణాల దగ్గరి కైఫీయత్తులు పోగుచేయించాడు. ఆయనకు దేశభాషలు రావు. ఆ పని నడిపినవాళ్లు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. పెద్దవాడు కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే చనిపోగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు. ఇంకొక తమ్ముడు రామస్వామి కూడా ఆ కొలువులోనే పనిచేశాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి తెరిచింది బొర్రయ్యేనని మెకంజీ స్వయంగా రాసుకున్నాడు.

మెకంజీ 1821లో కలకత్తాలో మరణించాడు. ఆయన భార్య దగ్గరనుంచి ఆ సంచయమంతా ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. కొన్నది ఒక వ్యాపార సంస్థ అన్న సంగతి గమనించాలి. వాటాదారులు, డైరెక్టర్లు, లాభనష్టాల ఖాతా ఉన్న సంస్థ. అది గుడ్డలూ మిరియాలూ కొన్నట్లే దక్షిణదేశపు జ్ఞాపకాన్నీ కొన్నది. కొన్న తరువాత విభజన జరిగింది. కొంత భాగం లండన్ చేరింది, దక్షిణ భాషల ప్రతులు మద్రాసు చేరాయి. హోరేస్ హేమన్ విల్సన్ 1828లో దాని సూచిక ప్రచురించాడు. ఆ రోజు నుంచి దాని పేరు ‘మెకంజీ సంచయం’.

పేరు అన్యాయమని అనలేం. ఆయన శ్రమా, సొమ్మూ అందులో ఉన్నాయి. కానీ ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, తాటాకులు విప్పించి, నకళ్లు రాయించినవాళ్ల పేర్లు లోపలి పుటలకు పరిమితమయ్యాయి. లక్ష్మయ్య ఆ పనిని తానే కొనసాగిస్తానని విన్నవించుకుంటే, 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు ఒప్పుకోలేదు. దేశీయుడు సహాయకుడిగా పనికివస్తాడు గాని పనికి నాయకుడు కాలేడన్నది వాళ్ల భావన. సంచయాన్ని కొన్నారు, దాన్ని కూర్చిన తెలివిని మాత్రం కొనసాగనివ్వలేదు. తమ్ముడు రామస్వామి ఇంకొక దారి పట్టాడు. దక్కన్ కవుల జీవితచరిత్రలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో తన పేరుతోనే అచ్చువేయించాడు. ఆ పుస్తకంలోని వివరాలలో దిద్దవలసినవి ఎన్ని ఉన్నా, ఒక దుబాసీ తనను తాను గ్రంథకర్తగా నమోదు చేసుకున్న సందర్భంగా అది విలువైనది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఆ కొనుగోలు జరగకపోతే ఆ ప్రతులలో చాలా భాగం చెదలపాలయ్యేవి. ఈనాడు రాయలసీమ ఊళ్ల చరిత్ర రాసేవాళ్లకు కైఫీయత్తులే మొదటి ఆధారం. కాబట్టి కంపెనీ కొనడం తప్పా ఒప్పా అని అడగడంకంటే, కొన్నాక ఏం చేసింది అని అడగడం మేలు.

బ్రౌన్ ఖాతా

రెండో ఉదాహరణ మనకు బాగా పరిచితమైనదే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కంపెనీ ఉద్యోగే అయినా, వ్రాతప్రతులను చాలావరకు తన సొంత డబ్బుతో సేకరించాడు. కడపలో తన బంగళాలో జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటి పండితులకు జీతాలిచ్చి ప్రతులు పోల్చిచూసే పని చేయించాడు. అప్పులు చేశాడు కూడా. ఆయన సేకరణ పద్ధతిలో విశేషమేమిటంటే, ఒక కావ్యానికి ఒక ప్రతి దొరికితే ఆగలేదు. అయిదో ఆరో ప్రతులు తెప్పించి, తేడాలు గుర్తించి, శుద్ధప్రతి రాయించాడు. అంటే కొన్న ప్రతి ఆయన దృష్టిలో ఆస్తి కాదు, ఒక సాక్ష్యం. సాక్ష్యం ఎంత ఎక్కువైతే తీర్పు అంత గట్టిది.

1830లలో సెలవు మీద లండన్‌లో ఉన్నప్పుడు ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణ భాషల ప్రతులను ఆయన చూశాడు. డాక్టర్ జాన్ లేడెన్ సేకరించినవి, కంపెనీ కొని భద్రపరిచినవి. అక్కడ వాటిని చదివేవాళ్లు లేరు. చదవగలిగినవాళ్లు ఉన్నచోటికి పంపమని అధికారులను ఒప్పించి వాటిని మద్రాసుకు చేర్పించాడు. తరువాత 1845లో తన సొంత సంచయాన్ని కూడా మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. మెకంజీ, లేడెన్, బ్రౌన్ ముగ్గురి సేకరణలూ మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి.

కొన్న వస్తువును తిరిగి పాఠకుడి దగ్గరికి పంపడం కంపెనీల చరిత్రలో అరుదు. గ్రంథాలయాల చరిత్రలోనూ అరుదే. బ్రౌన్‌ను తెలుగువాళ్లు తలచుకోవడానికి నిఘంటువు ఒక్కటే కారణం కాదని నా ఉద్దేశం. కడపలో ఆయన బంగళా ఉన్నచోట వెలసిన గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడినుంచి కైఫీయత్తులు సంపుటాలుగా అచ్చయ్యాయి. కరణాలు చెప్పగా రాసుకున్న మాటలు రెండు శతాబ్దాలు తిరిగి తిరిగి ఇంటికి చేరాయి.

హెబ్బగోడి, బెంగళూరు పేట

ఇప్పుడు మళ్లీ ఆనేకల్ దారికి వద్దాం. ఈ తాలూకాలోని బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామిక ప్రాంతాల పేర్లు విననివాళ్లు తక్కువ. హెబ్బగోడిలో బయోకాన్ సంస్థ ఉంది. 1978లో ఒక ఐరిష్ కంపెనీతో ఉమ్మడిగా మొదలై, బొప్పాయి నుంచి తీసే పెపెయిన్ వంటి ఎంజైములు ఎగుమతి చేసేది. 1989లో ఆ ఐరిష్ కంపెనీని యూనిలీవర్ కొన్నది. హెబ్బగోడిలో పనిచేసేవాళ్లు ఒక్క అడుగూ కదలకుండానే వాళ్ల పై యజమాని మారిపోయాడు. 1998లో విదేశీ వాటాలను భారతీయ భాగస్వాములు తిరిగి కొనుక్కున్నారు. 2022 నాటికి కథ తిరగబడింది. ఆ సంస్థ శాఖే అమెరికాకు చెందిన వయాట్రిస్ బయోసిమిలర్ మందుల వ్యాపారాన్ని 300 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందంతో తీసుకున్నది. కొనబడిన సంస్థ కొనే సంస్థ అయింది. పేరు నిలిచింది కాబట్టి ఆ చరిత్రను వరుసగా చెప్పగలుగుతున్నాం.

పేరు నిలవని కథ ఇంకొకటి ఉంది. తెలుగు ఇంటిభాషగా ఉన్న ఆర్యవైశ్య వర్తకులు 1930లో బెంగళూరులో వైశ్యా బ్యాంకు స్థాపించారు. 2002లో డచ్చి సంస్థ ఐఎన్‌జీ దాన్ని చేజిక్కించుకున్నాక పేరు ముందు మూడక్షరాలు చేరి ‘ఐఎన్‌జీ వైశ్యా’ అయింది. 2015 ఏప్రిల్ 1న కోటక్ మహీంద్రా బ్యాంకులో కలిసిపోవడంతో ఆ పేరే లేకుండాపోయింది. బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఖాతాదారు డబ్బుకు నష్టం లేదు. చట్టం ప్రకారం ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు అన్నీ కొత్త సంస్థకు బదిలీ అవుతాయి. బదిలీ జాబితాలో చరిత్రకు మాత్రం ఒక గడి ఉండదు. పాత బ్యాంకుల నివేదికలు, ఉత్తరాలు, ఫొటోలు ఎక్కడికి పోయాయని అడిగేవాళ్లు ఉంటేనే అవి మిగులుతాయి.

గ్రంథాలయం పద్ధతి ఇందుకు భిన్నం. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఒక వరుససంఖ్య పడుతుంది. ఎవరినుంచి వచ్చింది, ఏ తేదీన, ఎంతకు, లేదా ఎవరి దానం అన్నది అక్కడే రాస్తారు. పుస్తకం పోయినా ఆ సంఖ్యను ఇంకొక పుస్తకానికి ఇవ్వరు. చనిపోయినవాడి పేరు కొట్టేయకుండా పక్కన ఒక గుర్తు పెట్టే కుటుంబ వంశావళి లాంటిది ఆ రిజిస్టరు. ఏడాదికొకసారి స్టాకు తనిఖీ చేసి, లెక్కలో ఉన్నది అరలో ఉందా అని చూస్తారు.

లెక్కలో ఉండి అరలో లేని సంగతికి మన కార్పొరేట్ చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2008 డిసెంబరు 16న హైదరాబాదు సత్యం కంప్యూటర్స్, తన ప్రమోటర్ల కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. వాటాదారులు ఎదురుతిరగడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను చేర్చడానికి చేసిన చివరి ప్రయత్నమే ఆ కొనుగోలు అని ఆ లేఖలోనే ఒప్పుకున్నారు. గ్రంథాలయ పరిభాషలో చెప్పాలంటే, రిజిస్టరులో వేల సంఖ్యలు రాసి, తనిఖీ రోజు దగ్గరపడ్డాక అరలు నింపడానికి పక్కింటి పుస్తకాలు కొనబోయారు. ఎక్విజిషన్ అన్నది జ్ఞాపకాన్ని నిలపడానికే కాదు, అబద్ధాన్ని కప్పడానికీ ఉపయోగపడగలదు.

గోధుమలూ, గ్రంథాలూ

ఆంధ్ర, తెలంగాణాలకు బయట చదువుకుంటున్న మీకు దగ్గరగా ఉన్న చరిత్ర మరొకటి. అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో తెలుగు పుస్తకాలు ఎలా చేరాయి? మూలం గోధుమలలో ఉంది. 1954 నాటి పబ్లిక్ లా 480 కింద అమెరికా మనకు ధాన్యం అమ్మి, ధర రూపాయలలో తీసుకునేది. ఆ రూపాయలు ఈ దేశంలోనే ఖర్చుపెట్టాలి. వాటిలో కొంత పుస్తకాలు కొనడానికి వాడవచ్చునని 1958లో చట్టం సవరించారు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కొనుగోలు కార్యాలయం తెరిచింది. అక్కడినుంచి తెలుగు నవలలు, శతకాలు, సాహిత్యవిమర్శ, చిన్న ఊళ్లలో అచ్చయిన కవితాసంపుటాలు పెట్టెలకెత్తి అనేక విశ్వవిద్యాలయాలకు పంపారు. ఆనాడు ఆంధ్రదేశంలో అయిదువందల ప్రతులు కూడా అమ్ముడుపోని పుస్తకం విస్కాన్సిన్‌లోనో షికాగోలోనో అరకెక్కింది. రేషను బియ్యం కోసం ఇక్కడ జనం వరుసలో నిలబడిన సంవత్సరాలవి.

ఈ ఏర్పాటును విమర్శించేవాళ్లున్నారు. ప్రచ్ఛన్నయుద్ధకాలపు అవసరం దాని వెనుక ఉందన్నది నిజమే. అయినా మన రెండు ప్రశ్నలు వేసి చూస్తే దానికి మార్కులు తక్కువ పడవు. ఆ కార్యాలయం తాను కొన్న పుస్తకాల జాబితాలను క్రమంగా అచ్చువేసింది. రచయిత, ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ నమోదయ్యాయి. పుస్తకాలు చదువరికి తెరిచి ఉన్నాయి. అక్కడి తెలుగు శాఖలు నిలబడడానికి ఆ అరలే ఆధారమయ్యాయి. రూపాయల నిధి తరువాతి దశాబ్దాలలో తరిగిపోయాక, గ్రంథాలయాలు తమ సొంత డాలర్లతో ఆ సహకార పథకాన్ని కొనసాగిస్తున్నాయి. అంటే ఇప్పుడు ప్రతి గ్రంథాలయమూ తెలుగు కావాలో వద్దో తానే నిర్ణయించుకోవాలి.

అదే 1962లో బెంగళూరులో ఎస్.ఆర్. రంగనాథన్ డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రాన్ని స్థాపించారన్నది గమనార్హం. అక్కడ తర్ఫీదు పొందినవాళ్లలో చాలామంది పరిశ్రమల గ్రంథాలయాలలో పనిచేశారు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్న ఆయన సూత్రం 1931లో వెలువడింది. పాఠకుడు అడగకపోతే పుస్తకం రాదన్నది దానికి వెనుకవైపు.

కొనడం పోయి అద్దె

ఇటీవల ఈ రెండు లోకాలూ మళ్లీ ఒకదానిలో ఒకటి కలిశాయి. గ్రంథాలయాలకు ఇ-పుస్తకాలు, పరిశోధన భాండాగారాలు అమ్మే ప్రోక్వెస్ట్ సంస్థను 2021లో క్లారివేట్ అనే కంపెనీ కొన్నది. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ పుస్తకాలను ఒకసారి కొని శాశ్వతంగా ఉంచుకునే పద్ధతిని క్రమంగా ఆపేస్తామని, ఇకపై చందా పద్ధతేనని ప్రకటించింది. గ్రంథాలయాలు నిరసించడంతో గడువు పొడిగించింది గాని దిశ మార్చుకోలేదు. కంపెనీ స్వాధీనం చేసుకున్నకొద్దీ గ్రంథాలయానికి సేకరించే వీలు తగ్గుతుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు. చందా కట్టడం ఆపిన రోజు అర ఖాళీ అవుతుంది. రిజిస్టరులో సంఖ్య వేయడానికి వస్తువే ఉండదు.

తెలుగుకు ఆ ముప్పు నేరుగా లేదని తృప్తిపడవచ్చు. మన పుస్తకాలను కొనే పెద్ద కంపెనీలు లేవు. మనకు జరిగింది ఇంకొక రకం. కార్నెగీ మెలన్‌లోని రాజ్ రెడ్డిగారి ఆలోచనతో, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కేంద్రంగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2000ల తొలి సంవత్సరాలలో లక్షల పుస్తకాలను స్కాన్ చేసింది. తెలుగు పుస్తకాలు అందులో వేల సంఖ్యలో ఉన్నాయి. పేర్లు రోమను లిపిలో తప్పులతడకగా నమోదయ్యాయి. పుస్తకం ఉన్నా వెదికితే దొరకని పరిస్థితి. 2010ల రెండో సగంలో ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్లు నిలవకపోతే ఆ శ్రమంతా పోయేదే. సేకరణ జరిగి, నమోదు సరిగా లేకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఒక పెట్టె

నా అనుభవం ఒకటి చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ల క్రితం ఆనేకల్ దగ్గరి ఒక పల్లెలో తెలుగు బాగా చదువుకున్న ఒక పెద్దాయన పోయారు. కొడుకులకు కన్నడమే చదవడం వచ్చు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒక చెక్కపెట్టె నా ముందు పెట్టి, ‘ఇవి మీకు పనికొస్తాయేమో చూడండి సార్’ అన్నారు. యక్షగానాలు, శతకాలు, పాత పంచాంగాలు, చేతిరాత నోటుపుస్తకాలు ఉన్నాయి. నేను నగరంలోని ఒక గ్రంథాలయాన్ని అడిగితే, తెలుగు చదివి కార్డు రాసేవాళ్లు లేరన్నారు. రెండో గ్రంథాలయం తీసుకుంది. నేను సంతోషించాను. రెండేళ్ల తరువాత వెళ్లి అడిగితే ఆ పెట్టె సంగతి ఎవరికీ తెలియదు. రిజిస్టరులో లేదు. దానం ఇచ్చినవారి పేరు ఎక్కడా లేదు. తప్పు వాళ్లదని చాలాకాలం అనుకున్నాను. ఆ పెట్టె నా ఇంట్లో వారం రోజులు ఉంది. ఆ వారంలో ఒక తెల్లకాగితం మీద పుస్తకాల పేర్లు రాసుకోవచ్చు. నేను రాయలేదు. కావలి లక్ష్మయ్యగారి పేరు మరుగుపడిందని తరగతిలో బాధపడే నేను, ఆ పెద్దాయన పేరును అంత సులువుగానూ మరుగుపరిచాను.

కాబట్టి విద్యార్థులకు నా విన్నపం రెండు మాటలలో. మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలు సూచించే పత్రం ఉంటుంది. ఏడాదికి కనీసం రెండు తెలుగు పుస్తకాల పేర్లు అందులో రాయండి. అడిగిన దాఖలా లేని భాషకు నిధి తగ్గించడం ఎవరికైనా సులువు. రెండోది, ఏ తెలుగు ఇంటినుంచైనా పుస్తకాల పెట్టె మీ చేతికి వస్తే, ఇంకొకరికి అప్పగించేముందు జాబితా రాయండి. ఎవరివి, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది చాలు.

భాషార్జన సంగతి మొదట చెప్పాను. ఎక్విజిషన్ అన్న మాటకు ఉన్న మూడు అర్థాలలో, ఇచ్చినవారికి ఏమాత్రం లోటు రానిది అదొక్కటే. తల్లి దగ్గర బిడ్డ మాట నేర్చుకుంటే తల్లి మాట తగ్గదు. కంపెనీ కొనుగోలుకు అది చేతకాదు, అడగడం కూడా న్యాయం కాదు. గ్రంథాలయానికి మాత్రం చేతనవుతుంది. అయితే ఇచ్చినవారి పేరు రాసిపెట్టుకున్నప్పుడే.